గురునాథంగారి బొటనవేలు

గుంటూరులోని ఆ అపార్టుమెంటులో ఇళ్లలోని యంత్రాలన్నిటినీ నడిపేది అంతస్తుకు ఒక చిప్; అందులో ఇంటికో భాగం, ఇంటికో కోర్. ఎండలకు చిప్ వేడెక్కుతోందని నాలుగో అంతస్తువాళ్లు నిన్న సాయంత్రం తమ అంతస్తులోనే ఉండే గురునాథంగారిని బతిమాలారు. రేడియో తప్ప ఏమీ వాడరు కాబట్టి ఆయన తన కోర్ వేగం అట్టడుగుకు తగ్గించారు. నాలుగు కోర్ల వేగాన్నీ నడిపేది ఒకే గడియారమనీ, ఒకరు పెట్టిన తక్కువ పరిమితి అందరికీ వర్తిస్తుందనీ వాళ్లకు తెలియదు.

తెల్లవారేసరికి ఆయన నిద్రలోనే పోయారు. పక్కింట్లో జుబేదా కూతురికి నిమిషానికి పదహారుసార్లు ఊపిరి అందించే యంత్రం పదకొండుసార్లే అందిస్తోంది. పరిమితి పెంచాలంటే ఆయన వేలిముద్రే కావాలి.

"పిన్నిగారూ, ఆయన వేలు ఒక్కసారి పెట్టించండి," అంది పరుగెత్తుకొచ్చిన జుబేదా.

"తగ్గించమని నిన్న ప్రాణం తీసింది మీరే కదమ్మా?" అంది ఆయన భార్య రత్నకుమారి.

"మేమే. బుద్ధి గడ్డి తిని."

రత్నకుమారి తన భర్త చేతి బొటనవేళ్లకు కట్టిన దారం విప్పింది. జుబేదా గోడ మీది వేలిముద్ర పలకను ఊడదీసి తెచ్చింది. చల్లటి వేలిని పలక తీసుకోలేదు. శవస్నానానికి కాచిన నీళ్లలో రత్నకుమారి ఆ వేలిని కాసేపు ముంచి, తుడిచి, మళ్లీ పెట్టింది. ఈసారి పచ్చదీపం వెలిగింది. పక్కింటి యంత్రం వేగం అందుకోవడం గోడలోంచి వినిపించింది.

పలక మీద అక్షరాలు వచ్చాయి: "ఈ పెంపు ఇరవైనాలుగు గంటలే. రేపు మళ్లీ వేలు ఉంచండి."



రత్నకుమారి గుమ్మం దగ్గరికి వెళ్లి, పాడె కడుతున్న మరిదితో చెప్పింది. "ఇవాళ తియ్యొద్దు నాయనా. ఐసు తెప్పించు."