తెల్ల రేకుల ఇల్లు

"థర్మామీటర్‌ని ఏం చేశావ్?"

ఆమె అడిగిన తీరుకి ప్రయోగశాలలో పక్క బల్లల వాళ్లు కూడా తలెత్తి చూశారు.

"బ్యాటరీ మార్చాను. అంతే," అన్నాడతను.

ఇద్దరూ ఒకే ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తున్నారు. ఎండకి కాగిపోయే రేకుల ఇళ్లని చల్లబరచడం ఇద్దరి పనీ. కప్పుకి తెల్లరంగు వేస్తే చాలని ఆమె వాదం. అందుకని అందరూ ఆమెని సున్నం అంటారు. కప్పు మీదికి తీగలు పాకించాలని అతని వాదం. అతను పాదు. ఒకే వీధిలో ఇద్దరి మాటా నెగ్గదు కాబట్టి, ఒకరంటే ఒకరికి పడదు.

ప్రయోగానికి ఎంచుకున్న రేకుల ఇళ్ల వీధిలో, ముందుగా చివరనున్న దర్జీ అక్క ఇంటికి రంగు వేసి, లోపల గంటగంటకీ ప్రయోగశాలకి లెక్క పంపే థర్మామీటర్ పెట్టారు. వేడి ఆరు డిగ్రీలు తగ్గింది. సున్నం నేల మీద నిలవలేదు. రేపు మున్సిపాలిటీ వాళ్లు ఫలితం చూసి, బాగుంటే వీధి మొత్తానికి రంగు వేయిస్తారు. లేదంటే అవకాశం పాదుది. సరిగ్గా ఇప్పుడే, ఎండలు ముదిరాక, మధ్యాహ్నమయ్యేసరికి ఆరు కాస్తా రెండుకి పడిపోతోంది. రెండు డిగ్రీల కోసం ఎవరు రంగు వేయిస్తారు?

"నేనే చెడగొడితే మధ్యాహ్నం మాత్రమే ఎందుకు చెడగొడతాను? పొద్దున్నా రాత్రీ బాగానే ఉంది కదా!" అన్నాడు పాదు.

"అబ్బో, అన్నీ ఆలోచించే చేశావన్నమాట! ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను. పద, ఇప్పుడే వెళ్దాం."

"ఈ ఎండలోనా?"

"ఏం, భుజాలు తడుముకుంటున్నావా?"

ఆ మాటతో అతను ఉడుక్కుని, చెప్పులేసుకుని ముందు నడిచాడు.

వీధిలో ఏ గుమ్మం చూసినా తాళమే. అందరూ పనుల్లోకి పోయారు కాబోలనుకుంది సున్నం. చివరి ఇంటి వసారాలో, మిట్టమధ్యాహ్నపు సెగలో, దర్జీ అక్క మిషన్ తొక్కుతోంది. వీళ్లని చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"చల్లటి గది లోపల పెట్టుకుని, ఇక్కడ కుడుతున్నావేంటక్కా?" అంది సున్నం.

"గాలికని... రేపు కదమ్మా వస్తామన్నారు?"

"థర్మామీటర్ చూసి వెళ్లిపోతాం."

"ఇప్పుడొద్దు. లోపల సర్దలేదు."

సున్నం పాదు వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు. ఇద్దరూ కలిసే చేశారా? ఆ ఆలోచనకి ఆమెకి ఒళ్లు మండిపోయింది. చేసిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే!

లోపల ఏదో సన్నగా మూలిగింది. అక్క గబగబా మిషన్ తొక్కింది.

"ఏంటా చప్పుడు?"

"పిల్లి."

అంతలో ఎవరో దగ్గారు.

"పిల్లికి దగ్గొచ్చిందా అక్కా?" అన్నాడు పాదు, తన మీద నింద పోయే దారి దొరికినట్టు ముందుకొచ్చి. "స్టవ్వు వెలిగించి వంటలేమైనా చేయిస్తున్నారా లోపల? ఇస్త్రీ పెట్టారా?"

"ఇంట్లో ఎప్పుడూ చేసే పనులు తప్ప కొత్తగా ఏదీ వద్దని చెప్పామా లేదా?" అంది సున్నం. "నా నాలుగేళ్ల చదువక్కా ఇది! ఈ వీధి బాగు కోసమే కదా ఇదంతా!"

దర్జీ అక్క తలుపుకి అడ్డంగా నిలబడి చేతులు జోడించింది. "చెప్పారమ్మా. తప్పు నాదే. నన్నేమన్నా అను, రంగు మాత్రం గీకించకు."

సున్నం ఆమెని పక్కకి తప్పించి తలుపు తోసింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చీకటి. ఉక్కగా, చెమట వాసనగా ఊపిరి ముఖానికి తగిలింది. పాదు ఫోన్ లైటు వేశాడు.

ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, నిండు గర్భిణి, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్... ఒకరి మోకాలికి ఒకరి వీపు ఆనించుకుని, వీధి వీధంతా ఆ ఒక్క గదిలో కూర్చుని ఉంది. మూల నుంచి ఒక ముసలమ్మ విసుక్కుంది.

"చూసింది చాలుగానీ ముందు ఆ తలుపెయ్యి తల్లీ, వేడంతా లోపలికొచ్చేస్తోంది!"