వక్క వద్దన్నవాడు

మంగళవారం పడవ ఒడ్డుకి తగలగానే పెర్పెటువా దిగేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమెకిదే పని. పెద్దదీవి సైన్యంతో జరిగిన యుద్ధంలో అడవికి వెళ్లిన తమ్ముడు అలోయిస్ తిరిగి రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. పాతిన చోటు తెలియనివాడికి చావు విందు ఎలా పెడతారు? పెర్పెటువా ఏడుపు కూడా సగంలోనే ఆగిపోయింది.

"ఇవాళ కూడా ఎక్కలేదక్కా మీవాడు. ఎక్కితే డబ్బులు తీసుకోనని చెప్పాగా," అన్నాడు పడవ నడిపే కెలెప్.

"నీ నోరు పడ! ముందు నీ పడవకి చిల్లులు పూడ్చుకో."

అందరికన్నా చివర ఒక ముసలాయన దిగాడు. ఎర్రతోలు మనిషి. అవతలి పెద్దదీవి వాళ్ల రంగు మా నలుపు మధ్య ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. ఛాతీకి ఒక నారసంచి కట్టుకున్నాడు. కెలెప్ అందుకోబోతే ఇవ్వలేదు. నీళ్లలోకి దిగుతూ దాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.

"పెర్పెటువా గారి ఇల్లెక్కడ?"

"నేనే పెర్పెటువాని. ఏం పని?"

"మీ ఇంటి దగ్గర చెబుతానమ్మా."

ఆమెకి సంగతి అర్థమైపోయినట్టే అనిపించింది. ఆ యుద్ధానికి మూలమైన కొండ మీది గని మళ్లీ తెరుస్తారని దీవంతా గుప్పుమంటోంది. మా దగ్గర నేల ఆడవాళ్లది. గనికి నేల ఇస్తున్నట్టు సంతకం కావాలంటే ఆడవాళ్ల గుమ్మమే తొక్కాలి. నెలకొకడు కాగితాల సంచీ తగిలించుకుని దిగుతూనే ఉన్నాడు.

అయినా ఇంటికొచ్చినవాణ్ణి ఊరికే పొమ్మనలేదు. పెరట్లో అలోయిస్ నాటిన పోకచెట్టు ఉంది. దాని కాయ ఒలిచి, సున్నం పక్కన పెట్టి అందించింది. శాంతి కుదిరిన రోజున రెండు పక్షాలవాళ్లూ బాణాలు విరిచి, కలిసి కూర్చుని వక్క నమిలారు. అప్పట్నుంచి వక్క వద్దంటే పగ పోలేదనే అర్థం.

ముసలాయన చెయ్యి చాపలేదు.

"తినకూడదమ్మా."

"పోనీ కూర్చో."

"కూర్చోకూడదు."

"ఆ మూటైనా దించవయ్యా. అందులో బంగారమేమైనా ఉందా?"

"దించకూడదు."

"మరింకేం చెయ్యొచ్చు నువ్వు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నా చేతుల మీద కాసిని నీళ్లు పోస్తారా?"

పెర్పెటువాకి ఒళ్లు మండిపోయింది. తమ్ముడి చెట్టు కాయ వద్దట. పైగా నౌకర్లా నీళ్లు పొయ్యాలట!

"ఎదురుగా సముద్రమంత నీళ్లున్నాయి, పోయి కడుక్కో. మీవాళ్లు ఇక్కడ పారించిన నెత్తురుకి అదీ చాలదులే."

"నిజమేనమ్మా, చాలదు," అని ముసలాయన తల దించుకున్నాడు.

ఆమె పలుగు భుజాన వేసుకుని చిలగడదుంపల తోటకి వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ముసలాయన లేడు. సంచీ మాత్రం పోకచెట్టుకి కట్టి ఉంది, అడుగు నేలకి తగలకుండా.

"కాగితాలు వదిలేసి పోయాడా? పొయ్యిలో పెడతా," అనుకుంటూ ముడి విప్పింది.

సైనికుడి పాత చొక్కాలో చుట్టి, శుభ్రంగా కడిగిన ఎముకలు. వాటి మధ్య ఒక గవ్వ. పదేళ్లప్పుడు తను వంకరగా చిల్లు పెట్టి, తమ్ముడి మెడలో కట్టిన గవ్వ.

పెర్పెటువా ఆ చిల్లుని వేలితో తడిమి చూసింది.

పోయినవాణ్ణి ఇంటికి మోసుకొచ్చే మనిషి దారిలో ఎక్కడా కూర్చోడు. బరువు నేల మీద దించడు. వక్క ముట్టడు. తోబుట్టువు వచ్చి చేతుల మీద నీళ్లు పోసేదాకా పోయినవాడి పేరు పలకడు. మా ఊళ్లో పసిపిల్లనడిగినా చెబుతుంది. ఎర్రతోలు మనిషి దాన్ని పాటిస్తాడని మాత్రం ఆమెకి తోచలేదు.

నీళ్లకుండ ఎత్తుకుని ఒడ్డుకి పరుగెత్తింది. కెలెప్ పడవ అప్పటికే పగడపు దిబ్బ దాటిపోయింది. కేకలు వేసింది కానీ మోటారు చప్పుడులో ఎవరికీ వినపడలేదు. కుండలో నీళ్లు సగం ఒలికిపోయాయి.

ఇంటికొచ్చి ఎముకలు చుట్టిన చొక్కా తడిమి చూస్తే జేబులో ఒక కాగితం కనిపించింది. చదివింది. మళ్లీ చదివింది. మడిచి దాచుకుంది. ఎవరికీ చూపించలేదు.

అలోయిస్‌ని పోకచెట్టు కింద పూడ్చారు. పంది కోసి ఊరందరికీ విందు పెట్టారు. సగంలో ఆగిన ఏడుపు ఆ రోజు పూర్తిగా ఏడ్చింది పెర్పెటువా.

ఇక మంగళవారం ఒడ్డుకి రాదనుకున్నారంతా. ఆమె మానలేదు. నాలుగు నెలలుగా నీళ్లకుండ చంకన పెట్టుకుని, కొంగున రెండు పచ్చి వక్కలు కట్టుకుని వస్తూనే ఉంది.

"ఇంకా ఎవరి కోసమక్కా? మీవాడు ఇంటికొచ్చేశాడుగా," అన్నాడు కెలెప్. ఈసారి వేళాకోళమాడలేదు.

"వాణ్ణి తెచ్చిన పెద్దాయన కోసంరా. వాకిట్లో నిలబడ్డ మనిషిని కూర్చోబెట్టుకోలేకపోయాను. ఆ బాధ నన్ను తినేస్తోంది."

"పోయేటప్పుడు పడవలో నోరు విప్పలేదక్కా. ఎవరో ఏమో."

"చొక్కా జేబులో కాగితం రాసిపెట్టాడురా. మా వాడు ప్రాణం పోయేదాకా ఆయన ఒళ్లోనే ఉన్నాడట. నా పేరు, ఇంటి గుర్తు, మన పద్ధతులు అన్నీ చెప్పి, 'అక్క దగ్గరికి చేర్చు' అన్నాడట. అదంతా ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్నాడురా ఆయన."

"అయితే మీవాడికి ప్రాణ స్నేహితుడన్నమాట."

పెర్పెటువా కొంగు ముడి విప్పి వక్కలు ఇంకా ఎండిపోలేదు కదా అని చూసుకుంది.

"కాదురా," అంది మెల్లగా, "వాణ్ణి తుపాకీతో కాల్చినవాడు."