పగ్గాలు కాలికి చుట్టుకున్న ఎలుగు

అడవి బాటలో బండి చాళ్ల దుమ్మంటే కౌజుపిట్ట పిల్లలకు ప్రాణం. పొద్దున్నే అందులో పొర్లాడేవి. తేనె బండి తోలుకొచ్చే ఎలుగుబంటి మలుపు దగ్గరే "హోయ్" అని అదిలించేది, పిల్లలు పక్కకు తప్పుకునేవి.

ఈమధ్య ఎలుగు నక్క దగ్గర కొత్త ఎద్దును కొంది. దానికి దారి తెలుసు, నువ్వు నిద్రపోయినా ఇంటికి చేరుస్తుందని నక్క చెప్పింది. ఒక పొద్దున ఎలుగు పగ్గాలు కాలికి చుట్టుకుని బండిలో పడుకుంది. ఆ పూట ఎవరూ అదిలించలేదు. ఒక పిల్ల చక్రం కింద నలిగిపోయింది.

కౌజుపిట్ట ఏడుపు విని అందరూ చేరారు.

"తోలింది నేను కాదు," అంది ఎలుగు కళ్లు నులుముకుంటూ.

"నాకు దారే నేర్పారు, పిల్లల సంగతి చెప్పలేదు," అంది ఎద్దు.

"పగ్గాలు వదలొద్దని అప్పుడే అన్నాను," అంది నక్క. "అయినా పోనుపోను పిల్లల్ని చూసి ఆగడం కూడా నేర్చుకుంటుందిలే."

కౌజుపిట్టకు ఒళ్లు మండిపోయింది. "ఎవరి పిల్లల్ని తొక్కి నేర్చుకుంటుంది?"

ఎలుగు మెల్లగా కాలి పగ్గాలు విప్పి చేతిలోకి తీసుకుంది.

"ఇందాక లేని చేతులు ఇప్పుడెక్కడి నుంచి వచ్చాయి నీకు?" అంది కౌజుపిట్ట.