పదిహేడు మెట్లు

డ్రైవరు ఆ గురువారం కూడా పళ్ళ డాక్టరు దగ్గరే ఆగిపోయాడు.

నిజానికి అతని పళ్ళకి ఏ రోగమూ లేదు. నాలుగు నెలలుగా కంటి మీద కునుకు లేదు. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. వెనక యాభై మంది కూర్చుని ఉండగా ఊరికే ఏడుపు ముంచుకొస్తోంది. మనసు డాక్టరు ఉండేది సరిగ్గా పై అంతస్తులో. మధ్యలో పదిహేడు మెట్లు.

ఆ మెట్లెక్కుతూ డిపో వాళ్ళెవరి కంట్లోనైనా పడితే ఇంకేముంది? పిచ్చెక్కిందని సాయంత్రానికల్లా టముకు వేసేస్తారు. మళ్ళీ బస్సు చేతికివ్వరు. అందుకే కిందే కూర్చుని, పిలిస్తే లోపలికెళ్ళి, పళ్ళు శుభ్రం చేయించుకుని ఇంటికి పోయేవాడు.

ఇన్ని వారాలు పట్టేంత పన్ను నొప్పేమిటండీ అని భార్య అడిగింది. నొప్పి సంగతేమో గానీ పళ్ళు మాత్రం తళతళలాడిపోతున్నాయని నవ్వింది కూడా. పాపం, ఆవిడకేం తెలుసు!

ఆ గదిలో ఎప్పుడూ చారల చొక్కా మనిషి ఒకడు కనిపించేవాడు. మెట్లకు ఎదురుగా ఉన్న మూల కుర్చీ అతనిది. ఆ రోజు లేచి వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

"మీదీ పన్నేనా అన్నా?"

"ఆఁ, పన్నే."

చారల చొక్కా నవ్వాడు. పళ్ళు తళతళలాడుతున్నాయి. ఇంత మంచి పళ్ళున్నవాడికి ఇక్కడేం పని అనుకున్నాడు డ్రైవరు.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

డ్రైవరు చటుక్కున తల తిప్పి చూశాడు.

"ఏమనుకోకపోతే, పైకి వెళ్దామా? ఇద్దరం కలిసి. మీరు ముందు నడవండి, చాలు."

ఓహో, ఇదా సంగతి! పై డాక్టరు బేరాల కోసం మనిషిని పెట్టాడన్నమాట. డ్రైవరుకి ఒళ్ళు మండిపోయింది.

"నేను నీకు పిచ్చోడిలా కనిపిస్తున్నానా? ఇంకోసారి నా జోలికొస్తే బాగుండదు."

గదిలో అందరూ తలెత్తి చూశారు. చారల చొక్కా తప్పైందని గొణిగి, తల దించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు గురువారాలు ఆ మూల కుర్చీ ఖాళీగానే ఉంది. ఈలోగా ఒకనాడు సిగ్నల్ దగ్గర ఆపిన బస్సును డ్రైవరు మళ్ళీ కదపలేకపోయాడు. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. మూడో గురువారం ఊపిరి బిగబట్టి పదిహేడు మెట్లూ ఎక్కేశాడు.

మిన్ను విరిగి మీద పడలేదు. పైన ఒక బల్ల, చీటీలు రాసే ఆవిడ, అంతే. దీనికా ఇన్నాళ్ళు భయపడి చచ్చాను అనుకున్నాడు. చీటీ రాయించుకుని, కింద కూర్చునే మీ మనిషి కనబడడం లేదేమని అడిగాడు. తను నోరు జారాడు, క్షమించమని అడగాలి.

చీటీల ఆవిడ కలం పక్కన పెట్టింది.

"మాకు కింద మనుషులెవరూ లేరండీ. ఆ మూల కుర్చీలో చారల చొక్కా ఆయన గురించేనా? మెట్ల మీంచి చూస్తుండేదాన్ని. మొన్న వాళ్ళావిడ వచ్చింది. ఆయన జేబులో మా నంబరు దొరికిందట. మా ఆయనకి పన్ను నొప్పే కదమ్మా, మీ నంబరెందుకు అని అడిగింది."

"ఆయనకేమైంది?"

"లేరండీ. తనకు తానే... మూడు వారాలవుతోంది."

డ్రైవరు బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆర్నెల్లుగా కిందనుంచి ఫోన్ చేసేవారు, ఒక్కణ్ణే ఎక్కలేకపోతున్నానని. నేనొస్తానంటే నలుగురూ చూస్తారని వద్దనేవారు. చివరిసారి మాత్రం, నాలాంటివాడే ఒకాయన కింద కనిపిస్తున్నాడమ్మా, ఈ వారం ఇద్దరం కలిసి వచ్చేస్తాం అన్నారు."