ఫోటో ఉన్నోళ్లే రావాలె

హాస్టల్ గేటు పక్కన రేకు పెట్టె. పెట్టె మీద మల్లీశ్వరి. ఒళ్లె తెల్లకట్టె.

పొద్దుగాల ఆరింటికి కూసున్నది, పది దాటింది. నిన్న గూడ గిట్లనే కూసున్నది.

దసరా సెలవులిచ్చి రెండు రోజులాయె. నల్గొండల ఆ అంధుల బడిల తొంబై మంది పిల్లలుంటే, ఎనబై తొమ్మిది మంది ఇండ్లకు వోయిన్రు. లొల్లి లేక వంటింట్ల నల్లా కారే సప్పుడు గూడ ఇనవడ్తాంది.

రేపే సద్దుల బతుకమ్మ.

"నేనొక్కదాన్నే పోత మేడమ్. పదో తరగతి సదువుతున్న, చిన్నపిల్లనా? బస్టాండు నడిస్తే పావుగంట. దేవరకొండ బస్సెక్కుత, మా స్టేజి కాడ దిగుత. గంతే గదా!"

"రూల్ ఒప్పుకోదు బిడ్డా," అన్నది వార్డెన్ సుచరిత మేడమ్.

మేడమ్ మంచిదే. మంచిదైతే ఏం లాభం?

కిందటేడు దాక మేనమామ నాగేందర్ వచ్చి తీస్కపోయేటోడు. ఏ బస్సు ఏడ ఆగుతదో ఆయనకు కొట్టిన పిండి. ఆయన ఎంబడి తిరిగి తిరిగి మల్లీశ్వరికి గూడ అంతా ఎరుకైంది.

ఈ యేడు కొత్త రూల్ వెట్టిన్రు. ఫారం మీద ఎవరి ఫోటో ఉంటే వాళ్లే రావాలెనట. మామ ఫోటో లేదు. అమ్మది లేదు. ఉన్నదొక్క బాపుది.

బాపు గోపయ్య గొర్లకాపరి. ఉంటే మంద కాడ, లేకుంటే మందెనక.

ఇగ ఏమాయె? బస్సులు తెలిసిన మామ మంద కాడ కావలి నిలవడె, మంద తెలిసిన బాపు బస్సెక్కె. ఎంత సక్కటి రూలో సూడుండ్రి!

నిన్న పొద్దున బైలెల్లిండు. మూడు గంటల తొవ్వ. ఇంత దాక జాడ లేదు, ఫోన్ బందున్నది. మల్లీశ్వరికి కోపం దిగి భయం వట్టుకున్నది.

అంతల గొంగడి వాసన.

"బిడ్డా..."

"ఏడికి వోయినవ్ బాపూ! పానం లేకపాయె నాకు!"

"జర పనివడ్డది," అన్నడు గోపయ్య, నోట్లె నోట్లెనే.

రిజిస్టర్ల ఏలిముద్ర ఏసిండు. మేడమ్ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"బస్టాండ్ల మస్తు మంది ఉంటరు. చెయ్యి ఇడ్సిపెట్టకు. పైలంగ తీస్కపో."

"గట్లనే మేడమ్."

బస్టాండ్ల అడుగువెట్టంగనే బాపు నిలవడిపోయిండు. నాలుగు నూర్ల గొర్లల్ల ఒక్కటి తక్కువైతే చీకట్ల గూడ పట్టుకొచ్చే మనిషి. ఇయ్యాల బిడ్డ ఎనక్కి జరిగిండు.

"ఏమైంది బాపూ?"

"ఏం లేదు." పెట్టె కింద వెట్టి, "నిన్న సాగర్ వోయిన," అన్నడు.

"సాగర్‌కా? ఎందుకు?"

"పొద్దుగాల సీద బస్సు లేదని మల్లేపల్లిల బస్సు మారుమన్నడు మీ మామ. ఒక బస్సొచ్చింది. జనమంతా ఉరికి ఎక్కిన్రు. గింత మంది ఎక్కుతున్నరంటే గదే మన బస్సనుకున్న."

మల్లీశ్వరి నవ్వు ఆపుకుందామని సూసింది. ఆగలే.

"గొర్లెనక వోయినట్టే వోయినవా!"

బాపు గూడ నవ్విండు.

"మరి ఎవరినన్న అడగకపోయినవా?"

"సిగ్గైంది బిడ్డా. రాత్రి ఆడనే గొంగడి కప్పుకొని పన్న. పొద్దుగాల ఎవరో పుణ్యాత్ముడు నల్గొండ బస్సెక్కిచ్చిండు."

మల్లీశ్వరి నవ్వు ఆగిపోయింది. బాపు చెయ్యి తీసి తన మోచేతి మీద పెట్టుకున్నది.

"గట్టిగ వట్టుకో. పెట్టె నువ్వు మొయ్యి, తొవ్వ నేను సూస్త."

"బోర్డులు నాకు రావు బిడ్డా."

"నాకు కనవడయి. నోరున్నది గదా!"

మైకుల చెప్పేది ఇన్నది, ఇద్దర్ని అడిగింది, బాపును కిటికీ పక్కన కూసోవెట్టింది. బస్సు కదలంగనే ఆయన ఆమె భుజం మీద తల వాల్చి గుర్రు వెట్టిండు. మూలమలుపులు లెక్కవెట్టుకుంట కూసున్నది మల్లీశ్వరి. ఆమెకు మనసు నిండ సంతోషమైంది.

"లే బాపూ, మన స్టేజి."

సద్దుల బతుకమ్మకు అందింది.

సెలవులైపోయినంక మల్ల ఇద్దరే వచ్చిన్రు.

"మంచిగ తెచ్చినవా గోపయ్యా?" అనుకుంట మేడమ్ ఏలిముద్ర ఏపిచ్చుకున్నది. గేటు వడ్డది. బాపు బయట, బిడ్డ లోపట.

గొంగడి వాసన గేటు కాడికెల్లి కదలలే.

"ఇగ పో పెద్దాయనా, పిల్లకేం ఫికర్ లేదు," అన్నడు వాచ్‌మెన్.

మల్లీశ్వరి ఎనక్కి తిరిగింది.

"మేడమ్, అరగంట బయటికి వోయొస్త. బాపును బస్సెక్కియ్యాలె."

"నువ్వు ఎక్కిస్తవా? ఏం మాట్లాడుతున్నవే? రూల్..."

"మేడమ్!" గేటు ఊసలు పట్టుకొని పిలిచిండు గోపయ్య. "మొన్న నేను తీస్కపోలే. ఇయ్యాల నేను తీస్కరాలే. నా బిడ్డనే నన్ను తిప్పింది. ఒక్కన్ని పోవాలంటే నాకు భయమైతది మేడమ్."

మేడమ్ రిజిస్టర్ మూసిన సప్పుడైంది. తర్వాత చెప్పులేసుకున్న సప్పుడు.

"నడువు. నేను గూడ వస్త. రూల్ తప్పినట్టు గూడ ఉండదు."

తొవ్వ పొడుగునా మేడమ్ ఎనకనే నడిచింది. ఒక్కసారి గూడ మల్లీశ్వరి చెయ్యి వట్టుకోలే.

దేవరకొండ బస్సు కదిలింది. కిటికీలకెల్లి బాపు, "పోయొస్త బిడ్డా!" అని ఒర్రిండు.

మేడమ్ పక్కకు వచ్చి నిలవడ్డది.

"ఇగ మనం ఎటు వోవాలె మల్లీశ్వరీ?"

మల్లీశ్వరి కట్టెతోని ముంగట తట్టి సూసింది.

"ఎడమకు మేడమ్. పైలం, మోరి కాలువ ఉన్నది."