సూదిమందు

చచ్చి పుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని జెస్సీ అడిగింది: "మాత్రలకు నాకు తగ్గిపాయె గదా వదినా! మరి బిడ్డకేమాయె?"

రాహేలమ్మ జెస్సీ మొగుడికి అక్క. ఊరి ఆసుపత్రిలో నర్సు.

"మాత్రలు నీకు పనిచేసినాయి. సిఫిలిస్ కడుపులో బిడ్డకు సోకకుండా ఆపేది పెన్సిలిన్ సూదే. కర్నూలు డాక్టరమ్మ రాసింది అదే గదా?"

"ఆ సూది మనూర్లో ఏసేది నువ్వే. నీ తమ్ముడు అంటించిన రోగం నీకెట్ల సెప్పుకునేది? అందుకే షాపులో మాత్రలు కొనుక్కుంటి."

రాహేలమ్మ బిడ్డ మొహం మీది గుడ్డ సవరించింది.

"నీ రిపోర్టు మా ఆసుపత్రికి వచ్చినప్పుడే సూసినా జెస్సీ. సూదిమందు గూడా తెప్పించి ఆడ పెడితి. తమ్ముని పరువు పోతాదని, నిన్ను పిలిచి ఏయలేకపోతి."

గుడ్డ కొసను బిడ్డ కాళ్ల మీదికి లాగుతూ తనే అంది:

"మందు ఇంగా ఆడనే ఉండాది."