ఒకటే మోకు

“మావయ్యా, రెండు వస్తున్నాయి. మోకు ఒకటే ఉంది. దేనికి వెయ్యను?”

“ఓడకే వెయ్యి. అందులో రెండొందల పదకొండుమంది ఉన్నారు.”

“మరి పడవ? అది అమ్మ నడిపే పడవ.”

“అది ఖాళీది. మీ అమ్మ ఎప్పుడో ఓడలోకి మారిపోయింది. నువ్వు పని చూడు.”

అంత పెద్ద అబద్ధం అంత మామూలు గొంతుతో మావయ్య తన జన్మలో ఆడి ఉండడు. అలవాటు లేని పని కావడంతో నోరు ఎండిపోయింది. అదృష్టం కొద్దీ మేనకోడలు తెర మీది నుంచి తల తిప్పలేదు. తిప్పి ఉంటే ఆయన మొహం చూసి ఇట్టే పసిగట్టేది.

చుక్కల మధ్య తిరిగే రేవు అది. యుద్ధం మొదలైనప్పటి నుంచి, తగలబడుతున్న గ్రహాలను వదిలి జనం దొరికిన ఓడ ఎక్కి వచ్చేస్తున్నారు. ఇంజను చచ్చిన ఓడ రేవు పక్కగా పోతుంటే ఉక్కు మోకు విసరాలి. ఓడ ముక్కుకున్న కొక్కేనికి అది తగిలితే లోపలికి లాక్కోవచ్చు. తగలకపోతే ఓడ కింది గ్రహం మీదికి జారి, గాలి రాపిడికి కాలి బూడిదైపోతుంది. విసిరిన మోకును మళ్లీ చుట్టాలంటే అరగంట పడుతుంది. ఇప్పుడు చేతిలో ఉన్నది పన్నెండు నిమిషాలు.

మావయ్య ముప్ఫయ్యేళ్లు మోకు విసిరినవాడు. చూపు మందగించి తెర మీద గీతలన్నీ అలుక్కుపోతుంటే, తన కుర్చీ తీసుకెళ్లి పదిహేడేళ్ల మేనకోడలికి ఇచ్చాడు. రేవులో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. పిట్టంత పిల్ల, కానీ మోకు ఆమె చెప్పిన మాట వినేది. అయినా ఇంతవరకూ ఆమె పట్టినవన్నీ సరుకు ఓడలే. మనుషులున్న ఓడ ఇదే మొదటిది.

అయిదు నిమిషాల కిందట ఆఫీసు ఫోనులో చెల్లెలు మాట్లాడింది.

“అన్నయ్యా, ఓడని ఇక్కడిదాకా తోసుకొచ్చాను. నా పడవలో చుక్క ఇంధనం లేదు. నేను ఇందులో ఉన్నానని పిచ్చుకకి చెప్పకు. తెలిస్తే దాని చెయ్యి నావైపు లాగుతుంది, అంతమంది జనం పోతారు. ఓడలో ఉన్నానని చెప్పు. నేనూ అదే చెబుతాను.”

“నోర్ముయ్,” అన్నాడాయన. ఇంకా తిట్టేలోపే ఆమె ఫోను పెట్టేసింది.

ఇప్పుడు గదిలో రేడియో గరగరలాడింది.

“పిచ్చుకా, కనిపిస్తున్నామా?”

పిచ్చుక తెర మీదికి వంగి చూసింది. “కనిపిస్తున్నారమ్మా. నువ్వెక్కడ కూర్చున్నావు?”

“ఓడలో, కిటికీ పక్కన. ఎవరి పిల్లో గానీ నా ఒళ్లో ఎక్కి దిగనంటోంది.”

“వేడిగా ఉందా?”

“కొంచెం. జనం కిక్కిరిసి ఉన్నారు కదా.”

మావయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ వేడి ఎక్కడిదో ఆయనకు తెలుసు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లిన చెల్లెలు అక్కడ ఒంటరిగా కాలిపోబోతోంది. తను ఇక్కడ గోడకు చెమట పట్టిందా అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

“అమ్మా, దిగాక నా గది చూసి తిట్టకూడదు. నెల నుంచి సర్దలేదు.”

“తిట్టకుండా ఎలా ఉంటానే? చీపురు తిరగేస్తాను.”

“అయితే ఇప్పుడే తిట్టెయ్యి. వింటూ పని చేసుకుంటాను.”

అమ్మ తిట్టింది. మంచం కింద కుక్కిన బట్టలకి, సగం తిని వదిలేసిన కంచాలకి, తల దువ్వుకోకుండా డ్యూటీకి పోయినందుకు, పేరుపేరునా తిట్టింది. పిచ్చుక ఊ కొడుతూ మీట లాగింది. మోకు విప్పుకుంటూ చీకట్లోకి వెళ్లింది. గది నేల ఒక్కసారి అదిరింది.

“తగిలిందమ్మా.”

“చూశాను. నా తల్లే! ఇక మెల్లిగా లాక్కో. జనం ఉన్నారు.”

“నువ్వు కూడా ఉన్నావుగా.”

“నేనూ ఉన్నాను.”

రేడియో ఒకసారి బరబరమని ఆగిపోయింది. కిటికీ కింది మూలన ఏదో వెలుగు మెరిసి ఆరింది. అది మావయ్య మసక కళ్లకు కూడా కనిపించింది.

“లైను పోయింది,” అన్నాడు గోడతో. “ఓడ దగ్గరికొచ్చేటప్పుడు అంతే.”

“ఊ,” అంది పిచ్చుక.

ఇరవై నిమిషాల్లో ఓడ రేవులోకి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. నేల మీద కూలబడి ఏడ్చేవాళ్లు, పిల్లల్ని లెక్కపెట్టుకునేవాళ్లు, మోకు విసిరిన మహానుభావుడెవరని అరిచేవాళ్లు. ఆ గోల గది దాకా వినిపించింది. పిచ్చుక కుర్చీలోంచి లేవలేదు.

ఇంకాసేపట్లో ఈ పిల్ల పరిగెత్తి ఒక్కొక్క మొహంలో వాళ్లమ్మను వెతుక్కుంటుంది. అది చూసే ధైర్యం ఆయనకు లేదు. గుండె రాయి చేసుకుని ఆమె ముందు కూర్చున్నాడు.

“అమ్మడూ, నీతో అబద్ధమాడాను. మీ అమ్మ ఓడలో లేదు. పడవలోనే…”

“తెలుసు, మావయ్యా. అమ్మ మొదటి మాట అన్నప్పుడే, ఆ మాట పడవ నుంచి వస్తోందని తెర మీద గుర్తు వెలిగింది. నీకు కనిపించలేదు, అంతే.”

పిచ్చుక మీట వదిలి ఆయన చెయ్యి పట్టుకుంది.

“చివరిదాకా నేను నమ్మాననే అనుకుంది కదా, మావయ్యా?”